ఆజ్ఞ కాదు, కోరిక: వందల సర్వర్లను కదిలించే ఒక్క లైను కమాండ్

2023 నవంబరు 19. అహ్మదాబాద్‌లో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య వన్డే ప్రపంచకప్ ఫైనల్. ఆ రోజు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో మ్యాచ్ చూస్తున్నవారి సంఖ్య ఒక దశలో 5.9 కోట్లకు చేరింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా 5 కోట్ల లోపే. అంటే ఒక పెద్ద రాష్ట్రం మొత్తం ఒకేసారి ఒకే గుమ్మం ముందు నిలబడినట్టు లెక్క. పైగా ఈ జనం నిలకడగా ఉండరు. కోహ్లీ క్రీజులో ఉన్నప్పుడు పెరుగుతారు, అవుటైతే లక్షల మంది ఒక్కసారిగా బయటకు వెళ్లిపోతారు.

ఇలాంటి రోజున వెనకాల పనిచేసే సర్వర్లను ఒక్కొక్కటిగా ఆన్ చేసి, ఒక్కొక్కదానిలో ప్రోగ్రాం ఎక్కించి, చెడిపోయినదాన్ని వెతికి బాగుచేయడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. హాట్‌స్టార్‌తో సహా ప్రపంచంలోని చాలా పెద్ద సంస్థలు ఈ పనిని కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాయి. దానితో ఇంజినీర్లు మాట్లాడే సాధనం పేరు క్యూబ్‌కంట్రోల్. కొందరు క్యూబ్ సీటీఎల్ అంటారు, ఇంకొందరు క్యూబ్ కటిల్ అంటారు. ఎలా పలికినా అది ఒక నల్లటి తెర, దాని మీద మెరిసే ఒక గీత, టైప్ చేసే ఒక లైను. బొమ్మలు, బటన్లు ఉండవు.

ఆ ఒక్క లైనుకు వందల యంత్రాలను కదిలించే శక్తి ఉంది. అదే లైను పొరపాటున తప్పు చోట పడితే కోట్లమంది వాడే సేవ ఆగిపోతుంది. ఈ రెండూ ఒకే కారణం వల్ల జరుగుతాయి. ఆ కారణం అర్థమైతే బ్యాంకు యాప్ ఎందుకు మొరాయించిందో, ఫలితాల సైటు ఎందుకు తెరుచుకోలేదో కూడా కొంత అర్థమవుతుంది.

ముందుగా కంటైనర్

సాఫ్ట్‌వేర్ రంగంలో చాలాకాలం వినిపించిన మాట ఒకటుంది: "నా కంప్యూటర్‌లో బాగానే పనిచేసింది కదా!" ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లో ఒక భాషకు సంబంధించిన ఒక వెర్షన్ ఉంటుంది, సర్వర్‌లో ఇంకో వెర్షన్ ఉంటుంది. ప్రోగ్రాం ఆధారపడే చిన్న చిన్న ఫైళ్లలో ఏ ఒక్కటి తేడా పడినా పని ఆగిపోతుంది.

దీనికి దొరికిన పరిష్కారమే కంటైనర్. ప్రోగ్రాంను, దానికి కావలసిన సరంజామా మొత్తాన్ని కలిపి ఒకే మూటగా కట్టేస్తారు. విశాఖ రేవులో దిగే ఇనుప కంటైనర్‌లో మిర్చి ఉందా, మందులు ఉన్నాయా అన్నది క్రేన్‌కు అనవసరం. కొలతలు ఒకటే కాబట్టి ఎత్తి లారీ మీద పెట్టేస్తుంది. సాఫ్ట్‌వేర్ కంటైనర్ కూడా అంతే. లోపల ఏముందన్నది సర్వర్‌కు పట్టదు, తీసుకుని నడిపేస్తుంది.

దీని వెనకున్న ముఖ్యమైన సదుపాయాల్లో ఒకటి లినక్స్‌లో ఉంది. ఒక ప్రోగ్రాంకు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ ఇవ్వాలో హద్దు గీసే ఏర్పాటు మీద గూగుల్ ఇంజినీర్లు 2006లో పని మొదలుపెట్టారు. 2008 నాటికి అది లినక్స్‌లో భాగమైంది. 2013లో డాకర్ వచ్చి ఈ సదుపాయాలను మామూలు ప్రోగ్రామర్ల చేతికి అందించింది. అంతకుముందు వాడుకలో ఉన్న వర్చువల్ మెషిన్ తనతో పాటు ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మోసుకొస్తుంది. కంటైనర్‌కు ఆ బరువు లేదు, కింద ఉన్న లినక్స్‌నే పంచుకుంటుంది. అందుకే సాధారణంగా సెకన్లలో లేచి నిలబడుతుంది.

కంటైనర్లు పదో పరకో అయితే మనిషే చూసుకోవచ్చు. వేలల్లోకి వెళితేనే చిక్కు. ఏది ఏ యంత్రం మీద నడవాలి? యంత్రం ఆగిపోతే అందులోని కంటైనర్లు ఎక్కడికి వెళ్లాలి? కొత్త వెర్షన్ వచ్చినప్పుడు సేవ ఆగకుండా పాతవాటిని మార్చేదెలా? ఇవే ప్రశ్నలకు గూగుల్ సంస్థ లోపల బోర్గ్ అనే వ్యవస్థను ఏళ్ల తరబడి వాడింది. ఆ అనుభవంతో కుబర్నెటీస్‌ను 2014 జూన్‌లో అందరికీ ఉచితంగా ప్రకటించింది. 2015 జులైలో 1.0 వెర్షన్ వచ్చింది. అప్పుడే దాని బాధ్యతను లినక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడిన క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు అప్పగించారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ నడిపేవాడు అని అర్థం. మన గోదావరి లాంచీల మీద చుక్కాని పట్టే సరంగు అన్నమాట.

ట్యాంకు, మోటారు

కుబర్నెటీస్‌ను అర్థం చేసుకోవడానికి ఇంటి మీది నీళ్ల ట్యాంకును గుర్తుచేసుకుంటే చాలు. కొన్ని ఇళ్లలో మోటారు స్విచ్ వేసి, ట్యాంకు పొర్లగానే పరిగెత్తి ఆపుతారు. ఇది ఆజ్ఞ. వేయమంటే వేస్తుంది, ఆపమంటే ఆగుతుంది, మనిషి మరిచిపోతే నీళ్లు వీధిలో పారుతాయి. మరికొన్ని ఇళ్లలో ఆటోమేటిక్ కంట్రోలర్ ఉంటుంది. "నీళ్లు ఈ మట్టానికి ఉండాలి" అని ఒకసారి నిర్ణయిస్తారు. మట్టం తగ్గితే అదే మోటారు వేస్తుంది, నిండితే అదే ఆపుతుంది. ఇక్కడ మనిషి చెప్పింది ఆజ్ఞ కాదు, కోరిక.

కుబర్నెటీస్ ఈ రెండో పద్ధతిలో పనిచేస్తుంది. "ఈ యంత్రంలో ఈ ప్రోగ్రాం మొదలుపెట్టు" అని ఇంజినీరు చెప్పడు. "ఈ ప్రోగ్రాం కాపీలు ఎప్పుడూ 3 నడుస్తూ ఉండాలి" అని రాసి ఇస్తాడు. ఎక్కడ నడపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో వ్యవస్థే చూసుకుంటుంది. కోరిన స్థితికి, ఉన్న స్థితికి మధ్య తేడాను అది నిరంతరం కొలుస్తుంది. తేడా కనిపిస్తే సరిచేస్తుంది. రాత్రి రెండు గంటలకైనా, దీపావళి రోజైనా ఇదే పని.

ఒక్క విషయం మరవకూడదు. ట్యాంకుకు చిల్లు పడితే ఆటోమేటిక్ మోటారు రోజంతా తిరుగుతూనే ఉంటుంది. దానికి మట్టం ఒక్కటే తెలుసు, చిల్లు సంగతి తెలియదు. కుబర్నెటీస్ కూడా తనకు చెప్పిన కోరిక మంచిదా చెడ్డదా అని ఆలోచించదు. తప్పు కోరికను కూడా అంతే శ్రద్ధగా, అంతే ఓపికగా నెరవేరుస్తుంది.

లోపల ఎవరెవరున్నారు?

కలిసి పనిచేసే యంత్రాల గుంపును క్లస్టర్ అంటారు, అందులోని ఒక్కో యంత్రాన్ని నోడ్ అంటారు. కంటైనర్లు నేరుగా నోడ్ మీద కూర్చోవు. ఒకటో రెండో కంటైనర్లను కలిపి పాడ్ అనే చిన్న గూడులో పెడతారు. ఒక్క నోడ్ మీద సాధారణ పరిమితి 110 పాడ్లు. ఒకే క్లస్టర్‌లో 5,000 నోడ్ల దాకా, 1.5 లక్షల పాడ్ల దాకా నడిచేలా కుబర్నెటీస్‌ను రూపొందించారు.

క్లస్టర్‌కు ఒక మెదడు ఉంటుంది. దాన్ని కంట్రోల్ ప్లేన్ అంటారు. అందులో నాలుగు ముఖ్యమైన భాగాలు ఉన్నాయి. మొదటిది ఏపీఐ సర్వర్. ఇది కార్యాలయంలో ఇన్‌వార్డ్ సెక్షన్ లాంటిది. ఎవరి అర్జీ అయినా ఇక్కడికే రావాలి, ఎవరు పంపారో, వారికి ఆ అధికారం ఉందో లేదో ఇక్కడే తేలాలి. రెండోది ఎట్సీడీ అనే రిజిస్టర్. కోరిన స్థితి మొత్తం ఇందులో రాసి ఉంటుంది. మూడోది షెడ్యూలర్. కొత్త పాడ్ ఏ నోడ్‌కు వెళ్లాలో ఖాళీ చూసి నిర్ణయిస్తుంది. నాలుగోది కంట్రోలర్ల బృందం. రాసినదానికి, జరుగుతున్నదానికి తేడా కనిపెట్టి సరిచేసేది ఇదే. ఇక ప్రతి నోడ్ మీదా క్యూబ్‌లెట్ అనే ప్రతినిధి ఉండి, తనకు కేటాయించిన పాడ్లను నడుపుతూ, వాటి యోగక్షేమాలను పైకి తెలియజేస్తుంది.

క్యూబ్‌కంట్రోల్ ఈ యంత్రాల్లో దేనినీ నేరుగా తాకదు. ఇంజినీరు టైప్ చేసిన లైనును అర్జీగా మార్చి ఏపీఐ సర్వర్‌కు పంపుతుంది, వచ్చిన జవాబును తెర మీద చూపిస్తుంది. చాలా కమాండ్ల విషయంలో దాని పని అంతే. అందుకే "చేశాను" అని అది చెప్పినప్పుడు దానికి అర్థం "మీ కోరిక రిజిస్టర్‌లో ఎక్కింది" అని మాత్రమే. పని పూర్తయిందని కాదు. కొత్తగా నేర్చుకునేవారు మొదట తడబడేది ఇక్కడే.

ఫలితాల రోజు

ఒక ఊహాచిత్రం తీసుకుందాం. ఒక పరీక్షల బోర్డు ఫలితాల సైటును కుబర్నెటీస్ మీద పెట్టింది. ఇంజినీరు యామల్ అనే పద్ధతిలో ఒక చిన్న ఫైలు రాస్తాడు. అందులో మూడు సంగతులు: ప్రోగ్రాం ఉన్న కంటైనర్ పేరు, ఎన్ని కాపీలు కావాలి, ఒక్కోదానికి ఎంత మెమరీ. కాపీలు 3 అని రాశాడు. తర్వాత టెర్మినల్‌లో "క్యూబ్‌కంట్రోల్ అప్లై" అని కొట్టి ఆ ఫైలు పేరు ఇస్తాడు. కొద్ది సెకన్లకు "క్యూబ్‌కంట్రోల్ గెట్ పాడ్స్" అని అడిగితే మూడు వరుసలు కనిపిస్తాయి, మూడింటి ఎదురుగా రన్నింగ్ అని ఉంటుంది.

అందులో ఒక పాడ్‌ను ఎవరైనా కావాలని తొలగించినా ఏమీ కాదు. రెండే ఉన్నాయని కంట్రోలర్ గమనించి వెంటనే మూడోది పుట్టిస్తుంది. యంత్రం మొత్తం ఆగిపోతే కొంచెం ఆలస్యమవుతుంది. నెట్‌వర్క్ కాసేపు తెగిందేమో అన్న అనుమానంతో సాధారణంగా సుమారు 5 నిమిషాలు ఎదురుచూసి, ఆ తర్వాతే అందులోని పాడ్ల బదులు వేరే యంత్రం మీద కొత్తవి పెడుతుంది.

ఫలితాల ఉదయం వచ్చింది. తాకిడి పెరుగుతోంది. ఇంజినీరు "క్యూబ్‌కంట్రోల్ స్కేల్" అనే కమాండ్‌తో కాపీలను 3 నుంచి 30కి పెంచాడు. మళ్లీ జాబితా అడిగితే 18 రన్నింగ్, 12 పెండింగ్ అని వచ్చింది. ఎందుకు? "క్యూబ్‌కంట్రోల్ డిస్క్రైబ్" అని ఒక పాడ్ పేరు ఇస్తే కారణం చెబుతుంది: ఏ నోడ్ మీదా చాలినంత మెమరీ లేదు. కోరిక సరైనదే, తీర్చడానికి స్థలం లేదు. కొత్త యంత్రాలు తోడయ్యేదాకా ఆ 12 అలాగే వేచి ఉంటాయి. యంత్రాలను ఆటోమేటిక్‌గా పెంచే ఏర్పాట్లు ఉన్నా, కొత్త యంత్రం తయారు కావడానికి నిమిషాలు పడుతుంది. జనం సెకన్లలో వస్తారు. అందుకే పెద్ద మ్యాచ్‌లకు, పెద్ద ఫలితాలకు అనుభవజ్ఞులు తాకిడి వచ్చేదాకా ఆగరు, ముందే పెంచి పెట్టుకుంటారు.

యంత్రాలు చేరాయి, 30 కాపీలూ నడుస్తున్నాయి. ఇంతలో మార్కుల పేజీలో ఒక అక్షరదోషం కనిపించింది. వేరే ఇంజినీరు దాన్ని సరిచేసి, మొదట రాసిన ఆ ఫైలులోనే కంటైనర్ వెర్షన్ మార్చి, మళ్లీ "అప్లై" కొట్టాడు. ఆ ఫైలులో కాపీలు ఇంకా 3 అనే ఉంది. పొద్దున పెంచిన 30 సంగతి ఫైలుకు తెలియదు. కుబర్నెటీస్ కొత్త కోరికను అందుకుని 27 పాడ్లను మర్యాదగా మూసేసింది. ఒక్కోదానికి సర్దుకోవడానికి 30 సెకన్ల గడువు కూడా ఇచ్చింది. సైటు కూలిపోయింది. ఎవరూ తప్పుడు కమాండ్ ఇవ్వలేదు, యంత్రం చెప్పినట్టే చేసింది. కోరికను రెండు చోట్ల రెండు రకాలుగా ఉంచడమే జరిగిన పొరపాటు.

ఇది ఊహాచిత్రమే అయినా, క్లస్టర్లు నడిపేవారందరికీ తెలిసిన ఉచ్చు. అందుకే చేత్తో చేసే మార్పు కాస్సేపటి ఉపశమనం మాత్రమేననీ, ఫైలులో ఉన్నదే నిజమనీ వారు పట్టుబడతారు.

జబ్బు కనిపెట్టడం ఎలా?

పాడ్లు పడిపోయినప్పుడు తెర మీద కనిపించే మాటలు కొన్నే. వాటిని చదవడం వస్తే సగం సమస్య తీరినట్టే. "ఇమేజ్ పుల్ బ్యాక్ ఆఫ్" అంటే కంటైనర్ మూట దొరకలేదు. చాలాసార్లు పేరులో అక్షరదోషమో, తెచ్చుకునే అనుమతి లేకపోవడమో కారణం. "క్రాష్ లూప్ బ్యాక్ ఆఫ్" అంటే ప్రోగ్రాం మొదలై వెంటనే కూలిపోతోంది. క్యూబ్‌లెట్ దాన్ని మళ్లీ మళ్లీ లేపుతుంది, కానీ ప్రతిసారీ వ్యవధి పెంచుతుంది. 10 సెకన్లు, 20, 40 అలా సాధారణంగా 5 నిమిషాల దాకా. "ఊమ్ కిల్డ్" అని ఉండి, పక్కన 137 అనే అంకె కనిపిస్తే ఆ కంటైనర్ తనకిచ్చిన మెమరీ హద్దు దాటింది, లినక్స్ దాన్ని చంపేసింది.

ఇలాంటప్పుడు అనుభవం ఉన్నవారు ఒక వరుస పాటిస్తారు. ముందు "గెట్"తో ఏది పడిందో చూస్తారు. తర్వాత "డిస్క్రైబ్"తో దాని చరిత్ర చదువుతారు. ఆపైన "లాగ్స్"తో ప్రోగ్రాం స్వయంగా రాసుకున్న మాటలు చూస్తారు. లాగ్స్‌కు "ప్రీవియస్" అని జోడిస్తే ఇప్పుడున్న కంటైనర్‌వి కాకుండా, అంతకుముందు చనిపోయిన కంటైనర్ చివరి మాటలు కనిపిస్తాయి. ఇందులో ఆలస్యం పనికిరాదు. క్లస్టర్‌లో ఏం జరిగిందో చెప్పే ఈవెంట్లు మామూలుగా గంట సేపే నిలుస్తాయి. "పొద్దున చూద్దాంలే" అనుకుంటే సాక్ష్యం ఉండదు.

కొత్త వెర్షన్ చెడ్డదని తేలితే "రోల్ అవుట్ అన్‌డూ" అనే కమాండ్ పాత వెర్షన్‌ను వెనక్కి తెస్తుంది. మామూలుగా గత 10 వెర్షన్ల జ్ఞాపకం ఉంటుంది. అసలు మార్పిడి కూడా ఒక్కసారిగా జరగదు. కొత్త పాడ్లు కొన్ని లేచి, సిద్ధమని చెప్పాకే పాతవి దిగుతాయి. కానీ "సిద్ధం" అంటే ఏమిటో ఇంజినీరు ముందే చెప్పి ఉండాలి. ఫలానా పేజీ తెరుచుకుంటేనే సిద్ధమని రాయకపోతే, ప్రోగ్రాం మొదలైతే చాలు సిద్ధమేనని కుబర్నెటీస్ అనుకుంటుంది. లోపల డేటాబేస్ అందక అది చేతులెత్తేసినా జనాన్ని దానికే పంపుతుంది. ఇంకో హద్దు కూడా ఉంది. "అన్‌డూ" ప్రోగ్రాంను వెనక్కి తిప్పుతుందే తప్ప, ఆ ప్రోగ్రాం డేటాబేస్‌లో చేసిన మార్పులను తిప్పలేదు.

పెద్దవారికీ తప్పలేదు

కుబర్నెటీస్ నడిపే సంస్థలు తమ వైఫల్యాలను దాచకుండా రాసుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటిలో మూడు గమనించదగినవి.

సంగీతం వినిపించే స్పాటిఫై సంస్థ ఇంజినీరు ఒకరు 2018లో ఒక పరీక్షా క్లస్టర్‌ను తొలగించబోయి, బ్రౌజర్‌లో పక్క ట్యాబ్‌లో ఉన్న అసలైన క్లస్టర్‌ను తొలగించేశారు. 2019లో బార్సిలోనాలో జరిగిన సదస్సులో ఆయనే ఈ సంగతి వివరించారు. వినియోగదారులకు ఇబ్బంది కలగలేదు. కారణం, అప్పటికి కుబర్నెటీస్‌లోకి మారడం సగంలోనే ఉంది, పాత వ్యవస్థ పక్కనే నడుస్తోంది. కమాండ్ లైన్‌లో ఈ ప్రమాదం మరీ దగ్గరగా ఉంటుంది. ఒకే టెర్మినల్ నుంచి పరీక్షా క్లస్టర్‌కూ, అసలైన క్లస్టర్‌కూ వెళ్లవచ్చు. ఇప్పుడు ఏది పట్టుకుని ఉన్నామో చెప్పేది కాంటెక్స్ట్ అనే ఒక చిన్న అమరిక. అది తెర మీద దానంతట అది కనిపించదు. పైగా "డిలీట్" అంటే క్యూబ్‌కంట్రోల్ మామూలుగా "నిజమేనా?" అని అడగదు. నేమ్‌స్పేస్ అనే ఒక విభాగాన్ని తొలగిస్తే అందులోని సమస్తం పోతుంది.

2023 మార్చి 14న రెడిట్ 314 నిమిషాల పాటు మూగబోయింది. కుబర్నెటీస్‌ను 1.23 నుంచి 1.24 వెర్షన్‌కు మార్చడమే కారణం. కంట్రోల్ ప్లేన్ ఉన్న యంత్రాలకు అంతవరకూ "మాస్టర్" అనే లేబుల్ ఉండేది. కొత్త వెర్షన్‌లో ఆ మాట తీసేశారు. క్లస్టర్ లోపలి నెట్‌వర్క్ ఏర్పాటు ఒకటి ఆ మాటను పట్టుకునే తన యంత్రాలను వెతుక్కుంటోంది. ఆ మాట మాయమయ్యేసరికి దారులన్నీ మూసుకుపోయాయి. వెర్షన్‌ను వెనక్కి తిప్పే అధికారిక మార్గం లేకపోవడంతో బ్యాకప్ నుంచి నిలబెట్టుకోవలసి వచ్చింది.

2024 డిసెంబరు 11న చాట్‌జీపీటీ నడిపే ఓపెన్ఏఐ సేవలు నాలుగు గంటలకు పైగా స్తంభించాయి. క్లస్టర్ల పనితీరును గమనించడానికి పెట్టిన కొత్త సేవే కొంప ముంచింది. ప్రతి నోడ్ నుంచీ అది ఏపీఐ సర్వర్ల మీద బరువైన ప్రశ్నలు కురిపించింది. వేల నోడ్లు ఒకేసారి అడిగేసరికి ఆ సర్వర్లు చతికిలబడ్డాయి. తప్పు ఏమిటో ఇంజినీర్లకు నిమిషాల్లోనే తెలిసింది. కానీ ఆ సేవను తీసేయాలన్నా చెప్పాల్సింది ఏపీఐ సర్వర్‌కే. అది పలకడం లేదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. చిన్న పరీక్షా క్లస్టర్‌లో ఈ లోపం బయటపడలేదు, ఎందుకంటే యంత్రాల సంఖ్య పెరిగితేనే భారం పెరుగుతుంది.

మూడు ఘటనల్లోనూ కుబర్నెటీస్ చెడిపోలేదు. అడిగింది చేసింది. అడిగినదాని పర్యవసానం మనుషులకు పూర్తిగా కనిపించలేదు.

దొంగతనం మరో రకం ప్రమాదం. టెస్లాకు చెందిన ఒక కుబర్నెటీస్ కన్సోల్ పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉందనీ, చొరబడినవారు ఆ యంత్రాలతో క్రిప్టో నాణేలు తవ్వుకున్నారనీ రెడ్‌లాక్ అనే భద్రతా సంస్థ 2018 ఫిబ్రవరిలో బయటపెట్టింది. ఇక్కడ ఇంకో భ్రమ గురించి చెప్పుకోవాలి. కుబర్నెటీస్‌లో పాస్‌వర్డ్‌లు దాచే వస్తువు పేరు సీక్రెట్. పేరు చూసి మోసపోకూడదు. అందులోని మాటను బేస్64 అనే పద్ధతిలో వేరే అక్షరాల్లోకి మార్చి రాస్తారు, అంతే. అది తాళం కాదు. చూసే అనుమతి ఉన్నవారెవరైనా ఒక్క క్షణంలో తిరిగి చదువుకోవచ్చు. ఎట్సీడీలో దాన్ని నిజంగా గుప్తీకరించాలంటే విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

జాగ్రత్త ఎక్కడ మొదలవ్వాలి?

ఈ ప్రమాదాలకు విరుగుడు ఉన్నది కూడా ఆ కమాండ్ లైన్‌లోనే. "డిఫ్" అనే కమాండ్ ఫైలును అప్లై చేయకముందే, ఇప్పుడున్న స్థితికీ కోరబోయే స్థితికీ తేడా చూపిస్తుంది. ఫలితాల రోజు ఆ రెండో ఇంజినీరు ఈ ఒక్క కమాండ్ కొట్టి ఉంటే 30 కాస్తా 3 కాబోతోందని ముందే కనిపించేది. "డ్రై రన్" అని జోడిస్తే అర్జీ నిజంగా నమోదు కాకుండా, చెల్లుతుందో లేదో మాత్రం తెలుస్తుంది. "ఆథ్ క్యాన్ ఐ" అని అడిగితే ఒక పని చేసే అధికారం ఉందో లేదో చెబుతుంది. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవారు ఎంత కంగారులోనూ దేనినీ తొలగించలేరు. అందుకే ఎవరికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వడం అన్నిటికన్నా గట్టి కంచె.

దీనికి మించిన పద్ధతి కూడా వ్యాప్తిలో ఉంది. అసలైన క్లస్టర్ మీద మనుషులు నేరుగా "అప్లై" కొట్టరు. కోరికల ఫైళ్లన్నీ గిట్ అనే భాండాగారంలో ఉంటాయి. మార్పు కావాలంటే ఒకరు రాయాలి, ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. తర్వాత ఒక ప్రోగ్రాం ఆ ఫైలును క్లస్టర్‌కు చేరుస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చరిత్ర మిగులుతుంది. కోరిక ఒకే చోట ఉంటుంది కాబట్టి పైన చెప్పిన 30కీ 3కీ మధ్య గందరగోళం రాదు.

అందరికీ అవసరమా?

కాదు. ఒక ఊరి దుకాణం సైటుకో, చిన్న కార్యాలయం పనికో ఒకే సర్వర్ సరిపోతుంది. కుబర్నెటీస్‌ను నడపడానికే ప్రత్యేకంగా మనుషులు కావాలి, వెర్షన్లు మారుతుంటే వెంట పరిగెత్తాలి. వాహనం కన్నా గ్యారేజీ ఖర్చు ఎక్కువైతే దండగే. తాకిడి ఒక్కసారిగా పెరిగే సేవలకు, పదుల సంఖ్యలో ప్రోగ్రాంలు కలిసి పనిచేసే సంస్థలకు, ఒక్క నిమిషం ఆగినా నష్టపోయేవారికి మాత్రం దీని విలువ తెలుస్తుంది.

మన దేశంలో అలాంటి సేవలు చాలానే ఉన్నాయి. క్రికెట్ ప్రసారాలు, ఫ్లిప్‌కార్ట్ లాంటి దుకాణాలే కాదు, పురపాలక సేవల కోసం ఈ-గవర్నమెంట్స్ ఫౌండేషన్ తయారుచేసిన డిజిట్ వేదిక కూడా కుబర్నెటీస్ మీద నడిచేలా రూపొందింది. కుబర్నెటీస్ ప్రపంచ సదస్సు మన దేశంలో మొదటిసారి 2024 డిసెంబరులో ఢిల్లీలో, రెండోసారి 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగింది.

ఉద్యోగాల కోణంలోనూ తెలుగు యువతకు ఇది దూరపు విషయం కాదు. సర్టిఫైడ్ కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు ఉండవు. 2 గంటల్లో నిజమైన క్లస్టర్ల మీద, కమాండ్ లైన్ నుంచే సమస్యలు సరిచేయాలి. ఉత్తీర్ణతకు 66 శాతం కావాలి. అధికారిక పత్రాలు తెరిచి చూసుకోవచ్చు, కాబట్టి బట్టీ పట్టినంత మాత్రాన లాభం లేదు. అభ్యాసానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. మినీక్యూబ్, కైండ్ అనే ఉచిత సాధనాలతో మామూలు ల్యాప్‌టాప్ మీదే ఒక చిన్న క్లస్టర్ నిలబెట్టుకోవచ్చు. అందులో పాడ్లను తొలగించి చూడవచ్చు, మెమరీ హద్దు దాటించి చూడవచ్చు, తప్పు పేరు ఇచ్చి ఏమంటుందో వినవచ్చు. అక్కడ ఎంత చెడగొట్టినా ఎవరి ఫలితాలూ ఆగవు, ఎవరి మ్యాచ్‌కూ అడ్డం రాదు.

ఆ అభ్యాసంలో కమాండ్ల జాబితా వారం పది రోజుల్లో ఒంటబడుతుంది. ఎంటర్ నొక్కేముందు ఒక్క క్షణం ఆగి, "నేను ఏ క్లస్టర్‌లో ఉన్నాను? నేను కోరుతున్నది సరిగ్గా ఏమిటి?" అని చూసుకునే అలవాటుకు మాత్రం చాలాకాలం పడుతుంది. సంస్థలు అనుభవం ఉన్నవారికి ఎక్కువ జీతం ఇచ్చేది చాలావరకు ఆ అలవాటుకే.